నిప్పు కాచినవారే నాయకులు

కథలలో ఒక తెగ కలదు. కొందరు పిల్లలు, పెద్దల తోడు లేక, ఊరు పేరు తెలియని చోట చిక్కుపడుదురు. ఓడ కట్టు వీడియో, విమానము కూలియో, గ్రహాంతర ప్రయాణపు ద్వారము మూసికొనిపోయియో, వారు ఇల్లు చేరు దారి తెగిపోవును. తిండియు, నీరును, తలదాచుకొను నీడయు తామే సంపాదించుకొనవలెను. అంతకంటె కష్టమైన పని మరియొకటి కలదు. తమలో ఎవరి మాట వినవలెనో తామే తేల్చుకొనవలెను. సైన్స్ ఫిక్షన్ అని నేడు పిలువబడు విజ్ఞాన కల్పనా సాహిత్యమున ఇట్టి కథలకు కొదువ లేదు.

ఇవి బాలుర కాలక్షేపమునకు వ్రాసినవనియు, సంఘపు సంచికలో వీటికి చోటేమనియు కొందరు తలంపవచ్చును. మా మనవి వేరు. కొరాపుట్, రాయగడ జిల్లాలలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ కథలు పరాయివి కావు. మన పెద్దలలో కొందరు ఘాట్ రోడ్డెక్కి ఇచటికి వచ్చిరి. మరికొందరు ఉన్నచోటనే ఉండగా సరిహద్దే వారిని దాటిపోయెను. ఉభయులకును ఒకే ప్రశ్న ఎదురయ్యెను. కొద్దిమంది మనుష్యులు, తమ భాష మాటాడు నేలకు దూరముగా, ఒకరినొకరు విడువక నిలుచుట ఎట్లు? వారిని నడుపువారు ఎట్టివారై యుండవలెను? ఈ ప్రశ్నలకు కథకులు చెప్పిన సమాధానములను మన బ్రతుకుతో సరిచూచుకొనుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా పాత కథ. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1888లో ‘రెండేండ్ల సెలవులు’ అను అర్థము వచ్చు పేరుతో ఒక నవలను ప్రకటించెను. ఇది గ్రహాంతరముల కథ కాదు గాని, తరువాత వచ్చిన గ్రహాంతర కథలకు అచ్చు వంటిది. న్యూజిలాండులోని ఆక్లండు నగరమున బాలురు ఎక్కిన ఓడ, నావికులు రాకమునుపే కట్టు వీడి సముద్రమున కొట్టుకొనిపోవును. పదునైదుగురు బాలురు నిర్జన ద్వీపము చేరుదురు. చిన్నవారికి 8 ఏండ్లు, పెద్దవారికి 14. వారు ఓట్లు వేసి ఒక యేడాది గడువునకు నాయకుని ఎన్నుకొందురు. మొదట గోర్డన్ అను బాలుడు ఎన్నికగును. అతడు లెక్క మనిషి. ఓడలోని సామాను వ్రాసియుంచి పొదుపుగా వాడించును. గడువు తీరినపిమ్మట బ్రియాన్ ఎన్నికగును. తానే అందరికంటె తెలివిగలవాడనని నమ్మిన డోనిఫాన్ దీనిని సహింపలేక, ముగ్గురు మిత్రులతో వేరుపడిపోవును. దుండగులు దీవిలో దిగినారని తెలిసినప్పుడు బ్రియాన్ చేసిన పని యేమి? వేరుపడినవారిని వెదకుటకు తానే చీకటిలో బయలుదేరెను. చిరుతవంటి మృగము నోటబడిన డోనిఫానును కాపాడెను. చీలిక అంతటితో మానెను.

అదే నవలలో మోకో అను నల్లజాతి బాలుడు కలడు. ఓడలో పనిచేసి యెరిగినవాడు, అందరికిని వండిపెట్టువాడు. ఎన్నికలో అతనికి ఓటు లేదు. రచయిత ఆ సంగతి ఒక్క మాటలో చెప్పి సాగిపోయెను. నేటి పాఠకుడు అచట కొంతసేపు ఆగవలెను. వంట చేయుటకు అర్హుడైనవాడు మాట చెప్పుటకు అనర్హుడెట్లగును?

రెండవది ఇంగ్లండులో ఉపాధ్యాయుడుగా పనిచేసిన విలియం గోల్డింగ్ 1954లో వ్రాసిన ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’. ఆయనకు 1983లో నోబెల్ బహుమానము వచ్చెను. అణుయుద్ధపు రోజులలో విమానము కూలి కొందరు బాలురు ఒక దీవిలో మిగులుదురు. రాల్ఫ్ అనువానిని నాయకునిగా ఎన్నుకొందురు. శంఖము చేతబట్టినవాడు మాటాడవలెను, తక్కినవారు వినవలెనని నియమము చేసికొందురు. దారినపోవు ఓడలకు కనబడునట్లు కొండపై నిప్పు రగిల్చి, వంతులవారీగా దానిని కాయవలెనని నిశ్చయింతురు. నిప్పు కాయుట విసుగు పని. వేట ఉల్లాసకరము. జాక్ అనువాడు వేటకు పోవుచు, కాపలా వంతువారినిగూడ వెంట గొనిపోవును. సరిగా ఆ సమయముననే ఒక ఓడ దీవి ప్రక్కగా సాగిపోవును. కొండపై పొగ లేదు. ఆ దినమునుండి వారి పతనము ఆరంభమగును. ఇద్దరు బాలురు తోటివారి చేతులలోనే మరణింతురు. తుదకు రాల్ఫును పట్టి చంపుటకై అడవికి పెట్టిన చిచ్చు పొగను చూచియే ఒక నౌకాధికారి దీవికి వచ్చి వారిని రక్షించును. కాచిన నిప్పు చేయవలసిన పనిని, కక్షతో పెట్టిన నిప్పు చేసెను.

మూడవది మన విషయమునకు మిక్కిలి సమీపమైనది. 1955లో అమెరికా రచయిత రాబర్ట్ హైన్‌లైన్ ‘టన్నెల్ ఇన్ ది స్కై’ అను నవలను వెలువరించెను. ఆ కథాకాలమున భూమిపై జనము కిక్కిరిసి, ఇతర గ్రహములకు వలస పోవుచుందురు. రాకెట్లు అక్కరలేదు, ఒక ద్వారము దాటి అడుగు వేసినచో మరియొక గ్రహముపై నుందురు. వలసలను నడిపింపగోరు విద్యార్థులకు తుది పరీక్ష ఒకటి కలదు. ఎరుగని గ్రహముపై వారిని విడిచిపెట్టుదురు. రెండు మొదలు పది దినముల వరకు వారు తమంత తాము బ్రతికియుండవలెను. రాడ్ వాకర్ అను యువకుడు పరీక్షకు బయలుదేరునప్పుడు, సైన్యములోనున్న అతని అక్క తుపాకి వద్దు, కత్తి చాలునని బోధించును. తుపాకి చేతనున్నవానికి లేనిపోని ధైర్యము కలుగునని ఆమె భావము.

పరీక్ష గడువు తీరినను ద్వారము తెరువబడదు. విద్యార్థులు ఒకరినొకరు వెదకికొని, ఏటి ఒడ్డున ఒక ఊరు కట్టుదురు. ఎన్నికలో గ్రాంట్ కౌపర్ అను మాటకారి గెలుచును. అతడు చెడ్డవాడు కాడు. ఉపసంఘములు వేయుటలోను, తీర్మానములు చేయించుటలోను దిట్ట. అట్టివారిని మన సంఘములలో మనము ఎరుగనివారము కాము. ఈ చోటు రక్షణకు అనువైనది కాదు, గుహలున్న చోటికి పోవుదమని రాడ్ చెప్పును. కౌపర్ అంగీకరింపడు. రాడ్ అలిగి చీలిపోక, ఓడినను ఊరి పని చేయును. కొంతకాలమునకు, ఇంతవరకు పిల్లలు చూచి నవ్వుకొనిన ఒక సాధుజంతువు, వలసల ఋతువున గుంపులుగా వచ్చి ఊరిపై పడును. కౌపర్ ఆ పోరాటమున ప్రాణము విడుచును. ప్రమాదము ఎరుగని భూతమునుండి రాలేదు; ప్రతిదినము చూచి తేలికగా ఎంచిన దానినుండి వచ్చినది. ఆ పిమ్మట భారము రాడ్‌పై పడును. సుమారు రెండేండ్లకు ద్వారము మరల తెరువబడును.

ఈ మూడు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచితిమి. మూడింటను ఎన్నిక సులువుగా ముగిసెను. నాయకుడు ఎవరన్నది కథ కాదు. ఎన్నికైన మరునాడు ఏమి జరిగెనన్నదే కథ. సామాను లెక్క వ్రాయుట, నిప్పు ఆరకుండ చూచుట, ఊరిచుట్టు గోడ కట్టుట, అలిగిపోయినవానిని వెదకి తెచ్చుట, ఇవి ఏవియు చప్పట్లు కొట్టించు పనులు కావు. వీనిని చేసినచోట పిల్లలు బ్రతికిరి, మానినచోట చెడిరి.

ఇది కథకుల ఊహ మాత్రమే కదా యని సందేహింపవచ్చును. నిజముగా జరిగిన ఉదంతము ఒకటి కలదు. 1965 జూన్ నెలలో పసిఫిక్ సముద్రములోని టాంగా దేశమున ఆరుగురు పాఠశాల బాలురు ఒక పడవలో బయలుదేరి, తుఫానులో చిక్కి, ఎనిమిది దినములు కొట్టుకొనిపోయి ‘అటా’ అను దీవి చేరిరి. 1966 సెప్టెంబరులో పీటర్ వార్నర్ అను ఆస్ట్రేలియా నావికుడు కనుగొనువరకు, పదునైదు నెలలు, వారు అచటనే జీవించిరి. గోల్డింగ్ కథలోవలె ఒకరినొకరు చంపుకొనలేదు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసికొని తోటపని, వంట, కాపలా జరుపుకొనిరి. చెట్టు మొదళ్లను తొలిచి వాననీరు పట్టిరి. ఎవరికైన కోపము వచ్చినచో, చల్లబడువరకు దూరముగా పోయి కూర్చుండవలెనని నియమము. ఒకని కాలు విరుగగా తక్కినవారు కర్రలతో కట్టి బాగుచేసిరి. వారు రగిల్చిన నిప్పు చివరి దినము వరకు ఆరలేదు.

ఒక వేసవి సెలవులలో ఈ కథలను మా పిల్లలకు సాయంకాలములయందు తెలుగులో చెప్పితిమి. గ్రహాంతర కథ ముగిసినపిమ్మట ఒక బాలిక ఇట్లడిగినది: “తాతగారూ, వాళ్లు వెళ్లకముందు ఆ గ్రహం మీద ఎవరూ లేరా?” లేరని పుస్తకము చెప్పుచున్నదంటిమి. “మరి మన కొరాపుట్‌లో ఉన్నారు కదా!” అని ఆమె అన్నది.

ఆ మాటతో మా ఆలోచన మలుపు తిరిగినది. వలస కథలలో నేల సామాన్యముగా ఖాళీగా నుండును. నిజమైన నేల అట్లుండుట అరుదు. అటా దీవియు ఆదినుండి నిర్జనము కాదు. 1863లో బానిసల వ్యాపారులు అచటి జనులలో అనేకులను ఎత్తుకొనిపోగా, మిగిలినవారిని టాంగా రాజు మరియొక దీవికి తరలించెను. పూర్వులు పెంచిన అరటి చెట్లును, కోళ్లును ఆ బాలురకు ప్రాణాధారమయ్యెను. తమకంటె ముందున్నవారి శ్రమ తిని వారు బ్రతికిరి.

మన సంగతి చూతము. జయపురము సంస్థానము చెన్నపట్టణపు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాకు చేరియుండెను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి, కొరాపుట్ జిల్లా దానిలో చేరెను. 1992 అక్టోబరు 2న రాయగడ ప్రత్యేక జిల్లా అయ్యెను. సంస్థానపు గుమాస్తాలుగా, ఉపాధ్యాయులుగా, వర్తకులుగా, విజయనగరము-రాయపూరు రైలుమార్గపు ఉద్యోగులుగా వచ్చిన తెలుగువారికి, తరువాత మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము, జె.కె. పేపరు మిల్లు, సునాబెడా విమాన కర్మాగారము ఆశ్రయమిచ్చెను. మన్యపు చలిజ్వరము ఎన్ని ఇండ్లలో దీపములార్పినదో మన పెద్దలు చెప్పగా వింటిమి. అయినను ఆ నేల ఖాళీ నేల కాదు. కంధులు, పరజలు, గదబలు, సవరలు తరతరములుగా కొండలను, ఊటలను, విత్తనములను ఎరిగి కాపాడుచున్న నేల అది. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయమును ప్రపంచ వారసత్వముగా గుర్తించుటకు కారకులు వారే. జయపురము చేరువ పల్లెకు చెందిన పరజ స్త్రీ కమలా పూజారి దేశవాళీ వరి విత్తనములను సేకరించి, దాచి, పంచి, 2019లో పద్మశ్రీ పొందెను. ఆమె 2024లో స్వర్గస్థురాలయ్యెను. ఆమె ఎన్నికలలో నిలిచి నాయకురాలు కాలేదు. విత్తనము చెడకుండ చూచినది. నిప్పు కాచుట యనగా ఇదియే.

ఈ కొండలలోనే మరియొక వలస జరిగినది. 1958లో కేంద్ర ప్రభుత్వము దండకారణ్య పథకమును స్థాపించి, తూర్పు బెంగాలునుండి వచ్చిన శరణార్థులను ఉమరకోట, మల్కన్‌గిరి ప్రాంతములలో నిలిపెను. పథకపు కార్యస్థానము కొరాపుట్‌లో నుండెను. మల్కన్‌గిరిలోని వారి పల్లెలకు పేర్లకు బదులు ఎం.వి. 1, ఎం.వి. 2 అని సంఖ్యలు వచ్చెను. గ్రహాంతర కథలలోని స్థావరములవలె. ఏటి మడుగులలో పెరిగిన రైతులకు మెరక నేల యిచ్చిరి. ఎచట నుండవలెనో నిర్ణయించినవారు ఒకరు. అచట బ్రతుకవలసినవారు వేరొకరు. 1978లో వేలాది కుటుంబములు విడిచి బెంగాలు దారి పట్టెను. సుందరవనములలోని మరిచ్‌ఝాపి దీవి చేరినవారిని 1979లో అచటినుండియు వెడలగొట్టిరి. మిగిలినవారి పొలములకు కాలక్రమమున పొట్టేరు కాలువల నీరు వచ్చెను. దూరమున కూర్చుండి నడుపు నాయకత్వమునకు ఈ ఉదంతము గొప్ప పాఠము.

ముందున్నవారితో మన పూర్వులు ఎట్లు మెలగిరి? మంచియు చెడ్డయు కలవు. గిరిజనుల భూములు ఇతరుల పాలు కాకుండ 1956లో ఒరిస్సా ప్రభుత్వము ప్రత్యేక శాసనము చేయవలసివచ్చెను. అప్పుల పత్రములపై భూములు వ్రాయించుకొన్నవారిలో మన భాషవారును కలరు. ఇది దాచవలసిన విషయము కాదు. పిల్లలకు చెప్పవలసిన విషయము. మరియొక వంక, చోళ్ల అంబలి త్రాగుటయు, ఏ ఊట వేసవిలో ఎండదో తెలిసికొనుటయు, సంతలో వారి మాట నేర్చుటయు మన పెద్దలను నిలిపెను. జయపురము మహారాజు విక్రమదేవ వర్మగారు ఒరియా, తెలుగు రెండింటను పండితులు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు మహాదాత. రాయగడలో మజ్జిగౌరమ్మ గుడి ముందు రెండు భాషలవారును ఒకే వరుసలో నిలుతురు. పూర్వము మన ఊళ్లలో పొయ్యి ఆరినచో పొరుగింటికి పోయి నిప్పు అడిగి తెచ్చుకొనుట మర్యాద. కొత్త నేలలో నిలిచినవారందరు అట్లు పొరుగు నిప్పుతో పొయ్యి వెలిగించుకొన్నవారే.

గదబ, పరజ పల్లెలలో ధాంగడా బసా అను యువజన గృహము పూర్వము ఉండెడిది. రాత్రులయందు యువకులు అచట చేరి, పెద్దవాడు చిన్నవానికి పని నేర్పుచు, ఊరి పొలము పనికి, పెండ్లి పనికి కలిసి పోవుచుండిరి. నాయకత్వమునకు అది బడి. నేడు అవి చాలవరకు అంతరించినవి. మన సంఘములలో అట్టి బడి ఎచట నున్నది?

2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిచిపోయినప్పుడు దీనికి సమాధానము కొంత దొరికెను. విశాఖకు రైలు లేదు, బస్సు లేదు, సరిహద్దు మూతపడెను. మా వీధులలోని వృద్ధులకు నెలనెలా అచటినుండి మందులు రావలసియుండెను. పిల్లలు కొందరు సెలవులకు వచ్చి ఇచట చిక్కుపడిరి. సంఘపు పెద్దలమైన మేము సభ జరుపుట ఎట్లని యోచించుచుండగా, కళాశాలలో చదువు ఒక అమ్మాయి పాత లెక్కల పుస్తకము తీసి, ఏ ఇంట ఎవరున్నారు, ఏ మందు వాడుచున్నారు, అది ఎన్ని దినములకు సరిపోవునని ఇంటింటికి ఫోను చేసి వ్రాసికొనెను. ఒరియా కుటుంబములను, అద్దె గదులలో చిక్కిన కూలీలను గూడ ఆ పట్టికలో చేర్చెను. ఇద్దరిద్దరు చొప్పున యువకులకు వంతులు వేసెను. ఎవరును ఆమెను ఎన్నుకొనలేదు. ఎవరును ఆమె మాట కాదనలేదు. రాకపోకలు మొదలైన పిమ్మట ఆ పుస్తకము సంఘపు బీరువాలోనికి పోయెను. ఆమె ఉద్యోగమునకై హైదరాబాదు పోయెను. సంఘము యథాప్రకారము నడచుచున్నది.

మేము చెప్పదలచినది ఇదియే. మన పిల్లలకు నాయకత్వము రాదని మనము విచారింప నక్కరలేదు. వారికి కాయుటకు నిప్పు ఈయక వేదికపై కుర్చీలు మాత్రము చూపుచున్నాము. మన భాష సంగతియు ఇంతియే. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము, అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని చెప్పుచున్నది. ఆ హక్కును అడుగవలెను. కాని తెలుగును ఎవరును నిషేధింపలేదు. హైన్‌లైన్ కథలోని సాధుజంతువువలె, ప్రతిదినము చూచి నవ్వుకొను అలవాటే ప్రమాదము. బిడ్డ తెలుగులో మాటాడును, చదువలేడు, పోనిమ్మందుము. పదేండ్లలో తాతగారు వ్రాసిన ఉత్తరము ఇంట చదువువారుండరు. ఒరియా చక్కగా నేర్చుట మన ధర్మము. పొరుగు నిప్పు తెచ్చుకొన్నవారు తమ పొయ్యి ఆర్పుకొన నక్కరలేదు.

కావున సంఘములకు మా సూచనలు మూడు. గ్రంథాలయపు తాళపుచెవి, ఆదివారపు అక్షరాభ్యాసము, ఒంటరి వృద్ధుల పట్టిక, ఈ మూడు పనులను ఇరువది యేండ్లలోపు వారికి వంతులవారీగా అప్పగింపవలెను. గడువు ఒక్క యేడాది. గడువు తీరిన దినమున లెక్క వ్రాసి తరువాతివారికి ఒప్పగింపవలెను. సభలో వంట చేసినవారికిని, బల్లలు మోసినవారికిని, ఆడపిల్లలకును, కొత్తగా వచ్చిన కూలి కుటుంబములకును మాట చెప్పు హక్కుండవలెను. మన నడుమ మోకోలు ఉండరాదు. అలిగి పోయినవారిని వెదకుటకు అధ్యక్షులే స్వయముగా పోవలెను.

ఈ సంచిక అచ్చగు నాటికి ఆ పాత లెక్కల పుస్తకమును బీరువానుండి తీయించితిమి. అందులో సగము పేర్లవారు నేడు లేరు. కొత్త పేర్లు వ్రాయవలసియున్నది. పదునారేండ్ల బాలుడొకడును, అతని చెల్లెలును ఆ పనికి ఒప్పుకొనిరి. మీ ఇంటికి వారు వచ్చినప్పుడు, తెలుగులో తప్పులు వ్రాసిన దిద్దుడు, నవ్వకుడు.